అరవై దాటాక నీ చేతిలో డబ్బాడాలి

చెల్లీ, పెద్దవాడి ఇంజనీరింగు ఫీజు ఎంతో నీకు నోటి లెక్క. అమ్మాయి పెళ్లికి ఎన్ని కాసుల బంగారం కావాలో, ఇంటి లోనుకు ఇంకా ఎన్ని కిస్తీలు మిగిలాయో అడిగితే తడుముకోకుండా చెబుతావు. మరి నీకు అరవయ్యేళ్లు నిండాక నెలనెలా ఖర్చుకు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగితే? "ఆయనకు పీఎఫ్ వస్తుందిగా అక్కా", "పిల్లలు చూడరా ఏంటి" అంటావు. పిల్లలు చూస్తారు, చూడాలి కూడా. కానీ మందుల చీటీ పట్టుకుని కొడుకు ఆఫీసు నుంచి ఎప్పుడొస్తాడా అని గుమ్మంలో కూర్చోవడం వేరు, నీ ఖాతాలోంచి నువ్వు తీసుకుని తెచ్చుకోవడం వేరు. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆ రెండోదాని గురించే.

ప్రైవేటు బళ్లలో పాఠాలు చెప్పే అక్కచెల్లెళ్లు, ఆస్పత్రుల్లో నర్సులు, షోరూముల్లో పనిచేసేవాళ్లు చాలామంది "మాకు పీఎఫ్ కటింగ్ ఉంది, పెన్షన్ వస్తుంది" అని ధీమాగా ఉంటారు. ఆ పెన్షన్ లెక్క ఒకసారి చూడు. ఇప్పటి నిబంధనల్లో, నీ జీతం ఎంతైనా సాధారణంగా 15,000 రూపాయల మీదే లెక్క కడతారు. పాతికేళ్లు పనిచేస్తే రెండేళ్లు బోనసుగా కలిపి, 27ను 15,000తో గుణించి 70తో భాగిస్తారు. వచ్చేది నెలకు 5,785 రూపాయలు. దానికి కరువు భత్యం కలవదు. ఏళ్లు గడిచినా ఆ అంకె అలాగే ఉంటుంది.

ధరలు మాత్రం అలా ఉండవు. ఏటా 6 శాతం చొప్పున పెరిగితే 12 ఏళ్లకు ఇంటి ఖర్చు రెట్టింపవుతుంది, 24 ఏళ్లకు నాలుగింతలవుతుంది. ఇవాళ 30,000తో గడిచే ఇల్లు అప్పటికి గడవాలంటే 1,20,000 కావాలి. పైగా మన దేశంలో ఆడవాళ్ల ఆయుర్దాయం మగవాళ్లకంటే ఎక్కువ. మన ఇళ్లలో భార్య వయసులో చిన్నదై ఉండటం మామూలే. ఈ రెండూ కలిపి చూస్తే చివరి కొన్నేళ్లు ఇంటి బరువు ఒంటరిగా మోయాల్సింది చాలావరకు మనమే. చెప్పడానికి నోరు రావడం లేదు కానీ, చెప్పకపోతే నేను అక్కనెలా అవుతాను?

"బంగారం ఉంది కదక్కా" అని నువ్వనబోతున్నావని తెలుసు. ఉండనీ. కానీ అరవయ్యో ఏట నగ అమ్మి కరెంటు బిల్లు కట్టిన అమ్మను నువ్వెక్కడైనా చూశావా? గాజులు కూతురికని, నెక్లెసు కోడలికని, కాసులపేరు మనవరాలికని మనసులో ఎప్పుడో పంచేసి ఉంటాం. అమ్మబోయినా తరుగు, మజూరీ కింద కట్టింది తిరిగి రాదు. చీటీలు కూడా అంతే. పాట పాడుకున్న డబ్బు ఏదో ఒక అవసరానికి పోతుంది తప్ప ఇరవయ్యేళ్లు ఆగదు. ఆగే డబ్బు కావాలంటే ఆగే చోట పెట్టాలి.

అందుకే మ్యూచువల్ ఫండ్లు. సిప్ (నెలనెలా ఫండ్‌లో వేసే వాయిదా) నెలకు 5,000 చొప్పున ఇరవయ్యేళ్లు కట్టావనుకో, నీ చేతినుంచి వెళ్లేది 12 లక్షలు. సగటున ఏటా 10 శాతం వస్తే అది దాదాపు 38 లక్షలవుతుంది. వస్తే అన్నాను చూడు, తప్పకుండా వస్తుందని ఎవరూ రాసివ్వలేరు. రాసిస్తామన్నవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకు.

ఏ ఫండ్ కొనాలన్నది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ముందు నీకు ఇప్పటికే ఏమున్నాయో చూసుకో. పీఎఫ్, పీపీఎఫ్ రెండూ వడ్డీ వచ్చే భద్రమైన డబ్బు. నీ పొదుపులో స్థిరమైన భాగం అదే. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా చాలామంది మళ్లీ బాండ్లలో పెట్టే డెట్ ఫండ్లు కొంటారు. పదిహేను, ఇరవయ్యేళ్ల గడువుంటే, పీఎఫ్ కూడా ఉంటే, సిప్ డబ్బు మొత్తం ఈక్విటీలో, అంటే షేర్లు కొనే ఫండ్లలో, పెట్టినా తప్పులేదు. పీఎఫ్ లేని స్వయం ఉపాధి వాళ్లు, టైలరింగ్, బ్యూటీ పార్లర్, కర్రీ పాయింట్ నడుపుకునేవాళ్లు మాత్రం పీపీఎఫ్ ఖాతా ఒకటి తెరిచి కొంత అందులో వేయండి. ఏడాదికి కనీసం 500, గరిష్ఠంగా లక్షన్నర కట్టొచ్చు. గడువు 15 ఏళ్లు. ఆరోగ్య బీమా, ఆర్నెల్ల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు, ఈ రెండూ సిప్ కంటే ముందుండాలి. లేకపోతే మొదటి ఆస్పత్రి బిల్లుకే సిప్ ఆగిపోతుంది.

ఇక ఫండ్ల సంగతి. మా వీధిలో ఒక టీచరమ్మ తన స్టేట్‌మెంటు తెచ్చి చూపించారు. పదకొండు ఫండ్లు. "అన్ని చోట్లా పెడితే భద్రం కదండీ" అన్నారు. ఇద్దరం కూర్చుని ఒక్కో ఫండ్ ఫ్యాక్ట్‌షీటు తీసి, అందులో ముందుండే పది కంపెనీల పేర్లు కాగితం మీద పక్కపక్కనే రాశాం. లార్జ్ క్యాప్‌లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, ఐసీఐసీఐ బ్యాంకు, రిలయన్స్. అన్ని సైజుల కంపెనీలూ కొనే ఫ్లెక్సీ క్యాప్‌లోనూ అవే. పన్ను మినహాయింపు కోసం కొన్న ఈఎల్ఎస్ఎస్‌లోనూ అవే, వరస మాత్రం కాస్త మారింది. పదకొండు గిన్నెల్లో ఒకే పప్పు వండి పెట్టినట్టుంది. ఆ కాగితం చూశాక ఆవిడ ఇక నేను చెప్పాల్సిన పని లేకుండా సగం ఫండ్ల పేర్లు తానే కొట్టేశారు.

నా మాట వింటే మూడు ఫండ్లు చాలు. పెద్ద భాగం నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో పెట్టు. దేశంలో పెద్ద కంపెనీలు యాభై ఏవో వాటినే, ఆ పాళ్లలోనే కొనే ఫండ్ అది. మేనేజరు తెలివి మీద ఆధారపడదు కాబట్టి ఖర్చు తక్కువ. రెండోది, మేనేజరు ఎంపిక మీద నడిచే ఫ్లెక్సీ క్యాప్ ఒకటి. ధైర్యముంటే, గడువు పదిహేనేళ్లు దాటితే, మూడోదిగా మిడ్ క్యాప్ ఒకటి. అది కూడా మొత్తంలో అయిదో వంతు దాటనివ్వకు. మార్కెట్ విలువలో మొదటి వంద కంపెనీలు లార్జ్ క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్ క్యాప్, ఆ తర్వాతవన్నీ స్మాల్ క్యాప్ అని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017లో గీత గీసింది. స్మాల్ క్యాప్ పోయినేడాది ఎంతిచ్చిందో చూసి పరుగెత్తవద్దు. పోయినేడాది మొదటి స్థానంలో ఉన్న ఫండ్ ఈ ఏడాదీ అక్కడే ఉంటుందన్న నమ్మకం లేదు.

"కొత్త ఫండ్ వచ్చింది మేడమ్, యూనిట్ పది రూపాయలకే" అని ఫోన్లు వస్తాయి. చవగ్గా ఉందని మోసపోకు. 10,000 రూపాయలకు పది రూపాయల చొప్పున వెయ్యి యూనిట్లొస్తాయి. ఎన్ఏవీ, అంటే యూనిట్ ధర, 200 రూపాయలున్న పాత ఫండ్‌లో యాభయ్యే వస్తాయి. లోపలున్న షేర్లు 10 శాతం పెరిగితే రెండు చోట్లా నీ డబ్బు 11,000 అవుతుంది. తేడా ఏమీ లేదు. పాతదానికి కనీసం చరిత్రయినా ఉంటుంది, మార్కెట్ పడినప్పుడు అది ఎలా నిలబడిందో చూడొచ్చు.

అసలు చూడాల్సిన అంకె ఇంకొకటుంది, ఎక్స్‌పెన్స్ రేషియో, అంటే ఫండ్ నడిపే ఖర్చుకని ఏటా మన డబ్బులోంచి తీసుకునే శాతం. ఇందాకటి 5,000 సిప్‌లో ఖర్చుల కింద ఏటా ఒక్క శాతం ఎక్కువ పోయి, చేతికి 10 బదులు 9 శాతమే వచ్చిందనుకో. ఇరవయ్యేళ్లకు 38 లక్షల బదులు సుమారు 33 లక్షల 50 వేలు. ఒక్క శాతానికి నాలుగున్నర లక్షలు! 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ డైరెక్ట్ ప్లాన్ ఉంది. ఏజెంటు కమీషను ఉండదు కాబట్టి ఖర్చు తగ్గుతుంది. ఫారంలో 'డైరెక్ట్', 'గ్రోత్' (లాభం పంచకుండా ఫండ్‌లోనే ఉంచేది) అన్న రెండు మాటలూ ఉన్నాయో లేదో చూసుకో. ఒక్కదానివే చేసుకోలేననిపిస్తే సెబీలో నమోదైన సలహాదారుకు ఫీజు కట్టి అడుగు, అందులో నామోషీ లేదు. కానీ ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడానికి బ్యాంకుకు వెళ్లి, కుర్చీ వేసి కూర్చోబెట్టగానే బీమా, పెట్టుబడి కలిపి అమ్మే యులిప్ మీద సంతకం పెట్టి రావద్దు. బీమా వేరు, పెట్టుబడి వేరు.

మార్కెట్ పడుతుంది చెల్లీ, తప్పకుండా పడుతుంది. 2008 జనవరిలో 21,000 తాకిన సెన్సెక్స్ అక్టోబరుకల్లా 9,000 కిందికి జారింది. మళ్లీ 21,000కు చేరేసరికి 2010 నవంబరు వచ్చింది. 2020 మార్చి 23న ఒక్కరోజులోనే 13 శాతం పడింది, ఆ నవంబరుకు కొత్త రికార్డు కొట్టింది. నలభయ్యేళ్ల వయసులో ఉన్నవాళ్లకు ఆ పతనంలో భయపడాల్సిందేమీ లేదు, అదే 5,000కు ఎక్కువ యూనిట్లొస్తాయి. అప్పుడు సిప్ ఆపేయడమే నష్టం. అదే 2008 అక్టోబరులో రిటైరై, డబ్బంతా ఈక్విటీలోనే ఉన్న మనిషి పరిస్థితి ఏమిటి? ఇంటి ఖర్చు కోసం సగం ధరకు అమ్ముకోవాలి.

అందుకే యాభై అయిదు రాగానే కొంచెం కొంచెంగా ఈక్విటీ నుంచి బయటికి తెచ్చుకోవాలి. అరవై నాటికి కనీసం మూడేళ్ల ఇంటి ఖర్చు మార్కెట్‌తో సంబంధం లేని చోట ఉండాలి. దానికి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీము మంచిది. 60 దాటినవాళ్లు 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. 2025లో వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. మిగతాది మాత్రం ఫండ్లలోనే ఉండనివ్వు, ఎందుకంటే అరవై తర్వాత కూడా ఇరవై, పాతికేళ్లు బతకాలి. అందులోంచి ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకుంటే నెలకింత అని నీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. ఈక్విటీ ఫండ్ ఏడాది దాటాక అమ్మితే వచ్చిన లాభంలో ఏడాదికి 1,25,000 దాకా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. అదీ నీ పేరున, మీ ఆయన పేరున విడివిడిగా వర్తిస్తుంది.

పేరు అన్నాను కాబట్టి ఇంకో మాట. ఆయన పేరున ఉన్న ఫండ్లలో నువ్వు నామినీవైతే, డబ్బు నీ చేతికి అందుతుంది. కానీ చివరికి అది ఎవరికి చెందాలన్నది వీలునామా, అది లేకపోతే వారసత్వ చట్టం తేలుస్తాయి. వీలునామా రాయమని ఆయన్ని అడగడం అపశకునం కాదు. నీ సంపాదన నుంచి కట్టే సిప్ మాత్రం నీ పాన్ మీద, నీ బ్యాంకు ఖాతా నుంచే వెళ్లాలి. పాస్‌వర్డు నీకే తెలియాలి.

ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకో. హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్, చెన్నైలోని క్యామ్స్, మన ఫండ్ల లెక్కలన్నీ దాదాపుగా ఈ రెండింటి దగ్గరే ఉంటాయి. వాటి సైటులో నీ పాన్, ఈమెయిలు ఇస్తే ఫండ్లన్నీ కలిపిన స్టేట్‌మెంటు ఒకటే వస్తుంది, పైసా ఖర్చు లేకుండా. అందులో నీ పేరున ఎంత ఉందో, నామినీ గడి నిండి ఉందో ఖాళీగా ఉందో చూడు. నీ పేరున ఏమీ లేకపోతే వచ్చే నెల జీతం పడిన మర్నాటి తేదీకి సిప్ పెట్టు. 500 రూపాయలతోనైనా సరే, నీ పేరున మొదలుపెట్టు చెల్లీ.