తీర్థభక్తి - జలసంయమము

జలములకు 'నారములు' అని పేరు. అవి తనకు నివాసములగుటచే శ్రీహరి నారాయణుడయ్యెనని పెద్దలు నిర్వచించిరి. తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లి, అన్నమును నిరాకరింపకుండుట వ్రతమని చెప్పి, ఆ వెంటనే జలమే అన్నమని బోధించుచున్నది. కావున నీటిని వృథాపుచ్చుట అన్నమును నేలపాలు చేయుటయే.

కోనసీమలో గౌతమీతీరమున వెలసిన క్షేత్రము వాడపల్లి. అచటి శ్రీ వేంకటేశ్వరస్వామి రక్తచందన దారువుగా గోదావరిలో లభించెనని స్థలపురాణము. ఏడు శనివారములు, ఏడేసి ప్రదక్షిణములు చేయు భక్తులు ఆ సన్నిధికి వత్తురు. తీర్థము స్వీకరించునపుడు ఒక్క బొట్టైనను నేల రాలరాదని కుడిచేతి క్రింద ఉత్తరీయపు మడత నుంచుకొనుట వైష్ణవుల ఆచారము. ఆ జాగ్రత్త కోవెల గడపతో ముగియదగినది కాదు.

గోదావరి చెంతనుండగా నీటికేమి కొరత యని కొందరి శంక. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847-1852 నడుమ ధవళేశ్వరమున ఆనకట్ట నిర్మింపబడినది. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక వద్ద బయలుదేరును. వాడపల్లి సీమ దాని ఎగువ భాగమున నున్నది. ఆ నీరే పి.గన్నవరమున అక్విడక్టుపై వైనతేయ పాయను దాటి, రాజోలు, సఖినేటిపల్లి ప్రాంతములకు, అంతర్వేది నృసింహుని సీమకు చేరవలెను. అచటి కొత్త అక్విడక్టునకు అన్నదానమునకు పేరెన్నికగన్న డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట ఎంతయు తగియున్నది. నీరు దాటిననే గదా ఆవలి యొడ్డున అన్నము!

దాళ్వాలో నది సన్నగిలినపుడు నీరు వంతులవారీగా నిచ్చెదరు. ఎగువ రైతు బోదెగట్టు తెగనిచ్చి మురుగుకాలువ పాలుచేసిన నీరు శివారు రైతు పైరునకు దక్కవలసినది. తీరగ్రామములలో పెక్కుచోట్ల బావినీరు ఉప్పన. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో, ముందుగా నింపుకొన్న చెరువే వారికి ఆధారము.

వరిమడిలో నిరంతరము నీరు నిలుపనక్కరలేదు. నాట్లు నిలదొక్కుకొన్న పిమ్మట, మడిలో చిల్లుల గొట్టము పాతి, నీటిమట్టము నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయినపుడు తిరిగి పెట్టవచ్చును. పూతదశలో మాత్రము పలుచగా నీరు నిలుపవలెను. కొబ్బరి పాదులలో డొక్కలు పరచినచో తేమ నిలుచును.

ఇంట సెకనుకొక బొట్టు కారు కుళాయి, మిల్లీలీటరునకు 20 బొట్ల లెక్కన, దినమునకు 4 లీటర్లకు పైగా, ఏటికి 1,500 లీటర్లకు పైగా నీటిని హరించును. బియ్యము కడిగిన నీరు పశువుల కుడితికి, స్నానపు నీరు అరటిపాదునకు చేర్చవచ్చును.

మడి, శుచి పాటించువారికి నీరు మితముగా వాడుట సాధ్యమా యందురేమో! ఆచమనమునకు మినుపగింజ మునుగునంత నీరు చాలునని స్మృతులే కొలత చెప్పినవి. శుచి ధారాళమునందు లేదు, శ్రద్ధయందున్నది.

తీర్థబిందువును కాపాడిన చేయి కుళాయి కట్టుటకును, బోదెగట్టు వేయుటకును వెనుదీయరాదు. శివారు చేనికి నీరందిననాడు ఎగువవారి భక్తి నారాయణునకు చేరినట్లే.