రసాయనాలు ఒలికిన వేళ

2020 జూన్ 27వ తేదీన నంద్యాలలోని ఎస్.పి.వై. ఆగ్రో పరిశ్రమలో అమ్మోనియా వాయువు వెలువడింది. నంద్యాల అప్పటికి కర్నూలు జిల్లాలోనిది. ఆ పరిశ్రమలో బాధ్యత గల ఉన్నతోద్యోగి ఒకరు మరణించగా, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. అంతకు ఏడు వారాల ముందు, మే 7 తెల్లవారుజామున, విశాఖపట్టణం వద్ద వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి ఊరిపై పరచుకొని పన్నెండుగురిని బలిగొన్నది. ఆ దుర్ఘటనపై విచారణ జరిపిన ఉన్నతస్థాయి సంఘం ఒక విషయాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపింది. ప్రమాద సైరను మోగించే ఏర్పాట్లు ఆ కర్మాగారంలో 36 చోట్ల ఉన్నాయి. అయినా సైరను మోగలేదు. యంత్రం సిద్ధంగానే ఉన్నది. దానిని మోగించవలసిన చేయి ఆ క్షణాన కదలలేదు. శిక్షణ అన్న మాటకు అర్థం ఇక్కడే వెదకాలి.

రాయలసీమ అనగానే మనకు కరవు, నాపరాయి, వేరుశనగ చేలు గుర్తుకు వస్తాయి. రసాయనాలు గుర్తుకు రావు. కాని కర్నూలు చెంత గొందిపర్ల వద్ద కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారవుతాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజాన్ని క్షార ద్రావణాలతో శుద్ధి చేస్తారు. ఇంత పెద్ద పరిశ్రమలదాకా పోనక్కరలేదు. మన పట్టణాలకు తాగునీరు అందించే నీటిశుద్ధి కేంద్రాలలో క్లోరిన్ సిలిండర్లుంటాయి. శీతల గిడ్డంగులలో అమ్మోనియా ఉంటుంది.

ఈ రెండు వాయువులూ ఊపిరితిత్తులకు శత్రువులే. స్వభావాలు మాత్రం వేరు. క్లోరిన్ గాలికంటే సుమారు రెండున్నర రెట్లు బరువైనది. అది పసుపుపచ్చని మబ్బువలె నేలబారున ప్రాకి గుంటలలో, కాలువలలో, నేలమాళిగలలో చేరుతుంది. భయపడి పల్లానికి పరుగెత్తినవాడు దాని నోట్లోకే పోతాడు. మిట్టకు, గాలి వచ్చే దిశకు పోవాలి. అమ్మోనియా గాలికంటే తేలిక. అయితే ద్రవరూపంలో నిలువచేసినది ఒక్కసారిగా బయటపడినప్పుడు చల్లని తెల్లని మంచువలె కొంతసేపు నేలనే పట్టుకొని ఉంటుంది. అమ్మోనియా ఆవిరిపై దూరం నుండి నీటితుంపరలు చల్లితే నీరు దానిని చాలావరకు పీల్చుకొంటుంది. అదే నీటిని కారుతున్న క్లోరిన్ సిలిండరుపై పోస్తే ఆమ్లం పుట్టి లోహాన్ని తినివేస్తుంది, రంధ్రం పెద్దదవుతుంది. ఒక చోట మందైనది మరొక చోట విషమవుతున్నది. అందుచేత ‘ఏదైనా ఒలికితే నీళ్లు కొట్టండి’ అని ఒక్క మాటలో నేర్పే శిక్షణ శిక్షణే కాదు.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒలికినప్పుడు కూడ ఇదే చిక్కు. దానిపై కొద్దిగా నీరు పడితే విపరీతమైన వేడి పుట్టి ఆమ్లం చిమ్ముతుంది. చుట్టూ పొడి ఇసుకతో కట్ట వేసి, అది పారకుండా ఆపి, ఆపైన సున్నంతోనో సోడాతోనో మెల్లగా విరుగగొట్టాలి. రంపపుపొట్టు వేయరాదు, ఆమ్లం దానిని మాడ్చివేస్తుంది. అయితే ఆ ఆమ్లమే మనిషి కంటిలో పడితే క్షణం ఆలస్యం చేయక ధారాళమైన నీటితో కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. ఇది మన సీమలో అనుకొన్నంత సులువు కాదు. మే నెలలో మిద్దెమీది ట్యాంకు నీరు చేయి పెట్టలేనంతగా కాగుతుంది. నీడన లేని గొట్టాల నుండి వచ్చే నీటి కింద కాలిన చర్మంతో పదిహేను నిమిషాలు ఎవరు నిలువగలరు? సేఫ్టీ షవరుకు నీడ, నిత్యం నిండి ఉండే నీటితొట్టి కల్పించడం కూడ శిక్షణలో భాగమే. రబ్బరు దుస్తులు, వీపున మోసే శ్వాస పరికరం ధరించి ఎండలో ఎంతసేపు పని చేయగలరో కార్మికులు ముందే అనుభవంతో తెలుసుకోవాలి.

ఒలికిన దానిని మొదట చూసినవాని కర్తవ్యం దానిని తుడవడం కాదు. కేక వేయాలి, సైరను మోగించాలి, పక్కవారిని తప్పించాలి, తాను దూరం జరగాలి. శుభ్రపరిచే పని పరికరాలున్న శిక్షితులది. వారు కూడ ఒంటరిగా పోరాదు. ఇది వినడానికి పిరికితనంగా తోచవచ్చు. కాని పడిపోయిన తోటివాణ్ణి లాగుదామని ముక్కుకు తువ్వాలు కట్టుకొని దూకి, అతని పక్కనే పడిపోయినవారి వార్తలు మురుగుగుంటల విషయంలో మనం తరచు చదువుతూనే ఉన్నాం. మన పల్లెవాసులకు ధైర్యం కొదువ లేదు. ఆ ధైర్యాన్ని ఒక్క నిమిషం నిలిపి ఉంచడమే వారికి నేర్పవలసిన కష్టమైన పాఠం.

1984 డిసెంబరులో జరిగిన భోపాల్ ఘోరం తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. తాము ఏ ప్రమాదకర పదార్థాల నడుమ పని చేస్తున్నామో కార్మికులకు తెలియజేయడం యాజమాన్యాల విధి అయింది. ముంచుకొచ్చే ముప్పును గూర్చి యాజమాన్యాన్ని హెచ్చరించడం కార్మికుల హక్కు అయింది. అయితే తెలియజేయడమంటే ఏమిటి? పీపాపై చీటీ ఆంగ్లంలో ఉండి, పనివాడు ఊరినుండి నిన్ననే కాంట్రాక్టరు వెంట వచ్చినవాడైతే ఆ చీటీ ఎవరికి తెలియజేసినట్లు? రిజిస్టరులో వంద సంతకాలు ఉండవచ్చు. ముందుగా చెప్పకుండా ఒక అర్ధరాత్రి సైరను మోగించి చూస్తే ఎవరికి ఏమి వచ్చునో తేలుతుంది.

కర్మాగారపు గోడలతో విషయం ముగియదు. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడపకు పోయే రహదారిపై ట్యాంకర్లు రేయింబవళ్లు సాగుతాయి. నంద్యాల మీదుగా పారే కుందూనది కడప జిల్లాలో కమలాపురం వద్ద పెన్నలో కలుస్తుంది. ఎగువన కాలువలోకి జారిన ఆమ్లం దిగువన మరొక జిల్లావారి చేలకు, పశువులకు చేరవచ్చు. అందుకే ద్రవాన్ని ఇసుకకట్టతో నేలమీదనే ఆపాలంటారు. ఇట్టి సరకు నడిపే డ్రైవర్లకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు మూడు దినాల ప్రత్యేక శిక్షణను విధించాయి.

విద్యార్థులారా! అటువంటి ట్యాంకరు బోల్తా పడితే ఊరిజనం బిందెలతో చేరడం మీరు ఎరిగినదే. దాని వెనుక, పక్కల నాలుగంకెల సంఖ్య గల ఫలకం ఉంటుంది. 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, 1830 సల్ఫ్యూరిక్ ఆమ్లం, 1824 కాస్టిక్ సోడా ద్రావణం, 1075 వంటగ్యాసు. గాలి వచ్చే దిక్కున, దూరంగా నిలిచి ఆ సంఖ్యను చదువవచ్చు. 112కు గాని, అగ్నిమాపక కేంద్రం సంఖ్య 101కు గాని ఫోను చేసి ఆ నాలుగంకెలు చెబితే, వచ్చేవారు నీరు తేవలెనో ఇసుక తేవలెనో బయలుదేరక ముందే నిర్ణయించుకోగలరు.