కంప్యూటరు ఆగిందా? కంగారు వద్దు!

పొలం దగ్గర మోటారు ఆగిపోయింది. మనం ఏం చేస్తాం? ముందు కరెంటు ఉందో లేదో చూస్తాం. ఫ్యూజు పోయిందేమో చూస్తాం. అప్పటికీ తిరగకపోతేనే మెకానిక్కుకు కబురు పెడతాం.

కుట్టుమిషను మీద దారం తెగుతోంది. సూది సరిగా ఉందా, దారం సరిగా ఎక్కించామా అని చూస్తాం. మిషను మొత్తం విప్పదీయం.

ఇప్పుడు చాలా ఇళ్లలోకి కంప్యూటరు వచ్చింది. పిల్లల చదువుకు అది కావాలి. పరీక్ష హాల్ టికెట్టు అందులోంచే తీస్తున్నారు. కొన్ని పొదుపు సంఘాలు లెక్కలు కూడా అందులోనే రాసుకుంటున్నాయి. అది ఆగిపోతే మాత్రం మనకు చేతులు ఆడవు. "అమ్మో, అది మనకు తెలిసేది కాదు" అంటాం. ముట్టుకోవడానికి భయపడతాం.

మెకానిక్కు పట్నం నుంచి రావాలి. వచ్చినందుకు డబ్బు ఇవ్వాలి. ఒక్కోసారి అతను ఊడిన తీగను నొక్కి పెట్టి పోతాడు. ఆ పని మనమే చేసుకోవచ్చు.

కంప్యూటరు కూడా మోటారు లాంటిదే. దానికీ కరెంటు కావాలి. దానికీ తీగలున్నాయి. దుమ్ము పడితే దానికీ చేటే.

ఏది ఏమిటి?

ఇంట్లో బల్ల మీద పెట్టే కంప్యూటరుకు నాలుగు ముఖ్యమైన భాగాలుంటాయి. ఒకటి పెట్టె. దీన్నే చాలామంది సీపీయూ అంటారు. అసలు పని అంతా ఇందులోనే జరుగుతుంది. రెండోది టీవీ లాంటి తెర. దీన్ని మానిటరు అంటారు. మూడోది అక్షరాలు నొక్కే కీబోర్డు. నాలుగోది చేత్తో జరిపే మౌసు. ఇవి కాక ఇంటర్నెట్ కోసం ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని రూటరు అంటారు.

గోడ దగ్గర మొదలు పెట్టండి

కంప్యూటరు వెలగడం లేదా? గోడ దగ్గర నుంచి వరసగా చూసుకుంటూ రండి.

1. ఇంట్లో కరెంటు ఉందా? లైటు వేసి చూడండి.

2. ప్లగ్గులో కరెంటు వస్తోందా? అదే ప్లగ్గులో ఫోను చార్జరు పెట్టి చూడండి. చార్జింగు ఎక్కితే ప్లగ్గు మంచిదే.

3. ప్లగ్గుకీ కంప్యూటరుకీ మధ్య యూపీఎస్ ఉందా? దాని లైటు వెలగాలి. కరెంటు పోయినప్పుడు కంప్యూటరు కాసేపు నడవడానికే యూపీఎస్ పెడతారు. కరెంటు పోయిన వెంటనే కంప్యూటరు కూడా ఆగిపోతుంటే యూపీఎస్ లోపలి బ్యాటరీ బలహీనపడి ఉండవచ్చు.

4. స్విచ్చి ఆపి, పెట్టె వెనుక లావు తీగను గట్టిగా లోపలికి నొక్కండి. మళ్లీ స్విచ్చి వేయండి.

5. పెట్టె వెనుక చాలావాటికి ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. దాని మీద రెండు గుర్తులుంటాయి. ఒకటి నిలువు గీత. ఇంకోటి సున్నా. గీత అంటే కరెంటు వస్తుంది. సున్నా అంటే రాదు. గీత వైపు నొక్కి ఉందో లేదో చూడండి. ఈ రెండు గుర్తులు చదవడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

అత్తా కోడళ్ల మాట

పండక్కి ఇంటికి సున్నం వేశారు. మర్నాడు కోడలు కంప్యూటరు ముందు కూర్చుంది. తెర నల్లగా ఉంది.

"అత్తా! కంప్యూటరు పాడైపోయింది. రేపటిలోగా పాప హాల్ టికెట్టు తీయాలి. ఇప్పుడెట్లా?"

"ఉండవే అమ్మాయ్. పెట్టె మీద లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"లోపల ఫ్యాను చప్పుడు వినబడుతోందా?"

"ఆ, వినబడుతోంది."

"అయితే పెట్టెకు కరెంటు అందుతోంది. మరి తెరకో?"

"తెర కింద కూడా చిన్న లైటుంది. 'నో సిగ్నల్' అని ఇంగ్లీషులో వచ్చి పోయింది."

"అంటే ఏంటి?"

"పెట్టె నుంచి తెరకు ఏమీ రావడం లేదని."

"ఆ రెంటికీ మధ్య ఉన్నది తీగే కదే! నిన్న సున్నం వేసేటప్పుడు బల్ల జరిపాం. ఆ తీగ చూడు."

కోడలు కరెంటు ఆపింది. వెనక్కి వంగి చూసింది. తెర తీగ ఒక పక్క ఊడి ఉంది. సరిగా నొక్కి పెట్టింది. ఆ తీగకు రెండు పక్కలా చిన్న మరలున్నాయి. వాటిని చేత్తోనే బిగించింది. స్విచ్చి వేసింది. తెర వెలిగింది.

అత్తకు కంప్యూటరు వాడటం రాదు. కానీ వరసగా అడగటం వచ్చు. ఏది పని చేస్తోంది, ఏది చేయడం లేదు అని విడదీసి చూడటం వచ్చు. రిపేరులో సగం పని అదే.

ఇంకా ఏమేం చూడాలి?

కీబోర్డు గానీ మౌసు గానీ పని చేయడం లేదా? దాని తీగ ఊడదీసి, అలాంటిదే పక్క రంధ్రంలో పెట్టి చూడండి. తీగ లేని మౌసు అయితే సెల్లు మార్చండి.

కాసేపు నడిచి తనంతట తానే ఆగిపోతోందా? వేడెక్కుతోందేమో చూడండి. పెట్టెకు గాలి రంధ్రాలుంటాయి. వాటికి దుమ్ము పట్టి ఉంటుంది. ప్లగ్గు తీసేసి, మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. తడిగుడ్డ వద్దు. పెట్టెను గోడకు ఆనించి పెట్టవద్దు. నడిచేటప్పుడు దాని మీద గుడ్డ కప్పవద్దు.

తేదీ, సమయం రోజూ తప్పు చూపిస్తోందా? లోపల రూపాయి బిళ్లలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. అది 3 వోల్టులది. చాలా కంప్యూటర్లలో దాని మీద సీఆర్ 2032 అని ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ తప్పుతుంది. తేదీ తప్పితే ఇంటర్నెట్‌లో చాలా పేజీలు తెరుచుకోవు. ఖర్చు చిన్నదే. తేదీ తప్పిందని కంప్యూటరే మార్చమంటే ఒప్పుకోవద్దు.

ఇంటర్నెట్ రావడం లేదా?

తప్పు ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి. మీ ఫోనులో మొబైల్ డేటా ఆపండి. ఇంటి వైఫై మీద ఏదైనా తెరిచి చూడండి. ఫోనులో వస్తోంది, కంప్యూటరులో రావడం లేదు అంటే లోపం కంప్యూటరు వైపు ఉంది. రెంటిలోనూ రావడం లేదంటే లోపం రూటరులోనో, బయటి లైనులోనో ఉంది.

అప్పుడు రూటరు స్విచ్చి ఆపండి. అర నిమిషం ఆగండి. మళ్లీ వేయండి. అన్ని లైట్లూ వెలగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టాలి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది.

మీది ఫైబర్ లైను అయితే ఎర్ర లైటు చూడండి. చాలా పెట్టెల మీద ఆ లైటు దగ్గర ఎల్.ఓ.ఎస్. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. అది ఎర్రగా వెలుగుతుంటే బయటి నుంచి వెలుతురు అందడం లేదని అర్థం. ఫైబర్ తీగ లోపల సన్నని గాజు పోగు ఉంటుంది. కబురు అందులో వెలుతురుగా వస్తుంది. తీగ మడత పడినా, ఎలుక కొరికినా వెలుతురు ఆగిపోతుంది. దీన్ని మనం అతకలేం. కంపెనీకి ఫోను చేసి "ఎర్ర లైటు వెలుగుతోంది" అని చెప్పాలి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి. ఊడిన ఫైబర్ తీగ కొసను కంటికి ఎదురుగా పెట్టుకుని చూడవద్దు. అందులో వచ్చే వెలుతురు కంటికి కనబడదు. కానీ కన్ను దెబ్బతినవచ్చు.

వైఫై ఒక గదిలో వచ్చి ఇంకో గదిలో రావడం లేదా? రూటరును ఇనుప బీరువా పక్కన పెట్టవద్దు. ఇంటి మధ్యలో, కొంచెం ఎత్తులో పెట్టండి.

ఇవి మనం చేయకూడదు

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. ప్రాణం తీయగలదు. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు. పెట్టె లోపల కరెంటు అందించే ఇనుప డబ్బా ఒకటుంటుంది. దాన్ని ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా అందులో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. కాలిన వాసన వస్తే పెట్టె దగ్గరికి పోకుండా ముందు మెయిన్ ఆపండి. మబ్బు పట్టి ఉరుములు మొదలయ్యేటప్పుడే కంప్యూటరు, రూటరు ప్లగ్గులు తీసేయండి.

మెకానిక్కు వచ్చినప్పుడు

మీరు ఏమేం చూశారో వరసగా చెప్పండి. "లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, తీగలు నొక్కాం, తెర మాత్రం రావడం లేదు" అనండి. తెలిసినవారితో ఎవరైనా జాగ్రత్తగా మాట్లాడతారు.

"ఫార్మాట్ చేయాలి" అంటే ఆగండి. ఫార్మాట్ చేస్తే అందులో దాచుకున్న ఫొటోలు, లెక్కలు, కాగితాలు పోతాయి. ముందు వాటిని పెన్‌డ్రైవులోకి తీయమనండి. ఏదైనా భాగం మార్చితే పాతది అడిగి తీసుకోండి. బిల్లు తీసుకోండి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

"మీ కంప్యూటరులో వైరస్ ఉంది, మేం బాగు చేస్తాం" అని ఎవరో ఫోను చేస్తే నమ్మవద్దు. ఓటీపీ చెప్పవద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

చేసి చూడండి

1. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ కంప్యూటరు వెనుక గీత, సున్నా గుర్తులు ఎక్కడున్నాయో వెతకండి.

2. అన్ని తీగలూ బాగున్నప్పుడే ఏ తీగ ఎక్కడ ఉందో ఒక బొమ్మ గీసుకోండి. ప్రతి తీగకూ చిన్న కాగితం అంటించి పేరు రాయండి.

3. ఇంటర్నెట్ కంపెనీ ఫోను నంబరు రూటరు దగ్గర గోడ మీద పెద్ద అంకెలతో రాసి పెట్టండి.

చర్చించండి

1. తెర నల్లగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది. ముందు ఏం చూస్తారు?

2. కంప్యూటరు రిపేరు మగవాళ్ల పని అని కొందరు అంటారు. మీరేమంటారు?