నీళ్లలో పడగానే ఉబ్బే జాకెట్

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడ నుంచి వేటకు వెళ్తాడు. కొత్తగా కొన్న ఆటోమేటిక్ లైఫ్ జాకెట్ వానకే ఉబ్బిపోతుందా? నీళ్లలో ఉబ్బకపోతే ఏం చేయాలి?

జవాబు: మామూలు జల్లుకు ఉబ్బదమ్మా. లోపల నీటికి కరిగే చిన్న బిళ్ల స్ప్రింగును ఆపి ఉంచుతుంది. నీళ్లలో మునిగి అది కరగగానే సూది సిలిండరును గుచ్చుతుంది. కార్బన్ డయాక్సైడ్ కొద్ది సెకన్లలో జాకెట్‌ను నింపుతుంది. తడిగా మూలన పడేస్తే మాత్రం బిళ్ల మెత్తబడి ఊరికే ఉబ్బవచ్చు. ఆరబెట్టి దాచండి.

ఉబ్బకపోతే కింద వేలాడే తాడును గట్టిగా లాగాలి. అదీ పనిచేయకపోతే గొట్టంలో నోటితో ఊదాలి. ఈ రెండూ చీకట్లో తడిమినా దొరికేలా ఒడ్డునే అలవాటు చేయించండి. ఒకసారి ఉబ్బాక సిలిండరు, బిళ్ల రెండూ మార్చాలి.

జాకెట్ మీద రెయిన్‌కోటు ఎప్పుడూ తొడగనివ్వకండి. ఉబ్బితే ఛాతీ నొక్కుకుపోతుంది. వల విడిపించడానికి నీటి అడుగుకు దిగేటప్పుడు ఇది అసలు వద్దు.