కార్బన్లు కుదురుకునే దాకా

తమియా 1987లో తెచ్చిన క్లాడ్ బస్టర్ రిమోట్ ట్రక్కుకు ఇరుసుకొకటి చొప్పున రెండు 540 సైజు మోటార్లు. ఇప్పుడంతా బ్రష్‌లెస్ అంటున్నారు గానీ, కార్బన్ మోటారు సంగతులు నేర్చుకోవడానికి దీన్ని మించిన బండి లేదు. అది పట్టుకొచ్చే కుర్రాళ్లకు నేను చెప్పేవి ఇవి.

1. కొత్త మోటారుకు తొలిరోజే ఫుల్ బ్యాటరీ తగిలించకు. కమ్యుటేటర్, అంటే కార్బన్లు రాసుకునే రాగి చుట్టు, గుండ్రం. కొత్త కార్బన్ ముఖం ఆ వంపుకు ఇంకా కుదరదు, ఎక్కడో కాస్త చోటే తగులుతుంది. కరెంటంతా అక్కణ్ణుంచే పోవాలి కాబట్టి రవ్వలు లేచి రాగి మీద గుంటలు పడతాయి. ఆ గుంటలు మళ్లీ కార్బన్‌నే గీకేస్తాయి.

2. మోటారు బయటికి తీసి, షాఫ్టు మీది చిన్న పళ్లచక్రం (పినియన్) ఊడదీసి, రెండు టార్చిలైటు సెల్లులు వరసగా కలిపి 3 వోల్టుల మీద వట్టిగా తిప్పు. బండి నడిచేది 7.2 వోల్టుల మీద. ఇది అందులో సగం కూడా లేదు. అరగంటో, ఇంకాస్తో. మోటారు డబ్బా వేడెక్కితే ఆపు. గడియారం కంటే చెవిని నమ్ముకో: మొదట్లో గరగరమనే చప్పుడు నున్నబడుతుంది, కన్నాల్లోంచి కనిపించే రవ్వలు తగ్గుతాయి.

3. క్లాడ్‌లో రెండు ఇరుసులూ ఒకే మూసలోవి, ఎదురెదురుగా బిగిస్తారు. అంచేత బండి ముందుకు పోతుంటే మోటార్లు ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతాయి. కార్బన్ తిరిగే వైపుకు కొద్దిగా వాలి అరుగుతుంది గనక, బండిలో ఏది ఎటు తిరుగుతుందో సెల్లుల మీదా అటే తిప్పాలి. ఇంకో మాట. వేగం కోసం ఒకే దిశకు టైమింగ్, అంటే కార్బన్లు కరెంటు మళ్లించే చోటు, జరిపిన మోటార్లు రెండు కొని వేశావో, వాటిలో ఒకటి ఎప్పుడూ తిరగబడ్డ టైమింగ్‌తోనే నడిచి కాలిపోతుంది. కిట్‌తో వచ్చే 540కి ఈ పేచీ లేదు.

4. నీళ్లలో ముంచి తిప్పేవాళ్లున్నారు. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ నీళ్లు నల్లబడేది నీ కార్బన్‌తోనే. బుష్షుల్లో నూనె కూడా పోతుంది. నేను చెయ్యను.

5. తిప్పడం అయ్యాక క్లీనర్ స్ప్రేతో కార్బన్ పొడి కడిగి, ఆరాక, షాఫ్టు బుష్‌లోకి దూరే చోట సూదిమొనతో ఒక్క చుక్క సన్న నూనె. రెండు చివర్లా. కమ్యుటేటర్ మీదికి పాకితే కార్బన్ పొడితో కలిసి మడ్డి కడుతుంది.

6. మోటార్లను చంపేది ఎక్కువగా వేడే. చక్రం ఇరుక్కున్నప్పుడు ట్రిగ్గర్ నొక్కి పట్టుకోకు. ఆగిపోయిన మోటారు లాగినంత కరెంటు తిరిగే మోటారు లాగదు. గడ్డిలో, బురదలో తిప్పేటప్పుడు, పినియన్ మార్చే వీలున్న బండైతే తక్కువ పళ్లది వెయ్యి. బ్యాటరీ అయ్యాక డబ్బా మీద వేలు ఆనించలేకపోతే రెండో బ్యాటరీ పెట్టకు. మితిమీరిన వేడికి అయస్కాంతం బలం తగ్గిందంటే, చల్లారినంత మాత్రాన పూర్తిగా తిరిగి రాదు.

7. విప్పే రకం మోటారైతే కార్బన్లు తీసి చూడు. నీలిరంగు తిరిగినా, అంచు విరిగినా, సగానికి అరిగినా మార్చెయ్, స్ప్రింగులతో సహా. తర్వాత మళ్లీ టార్చి సెల్లులే. మూసేసిన 540లో ఆ వీలుండదు, మోటారే మార్చాలి. క్లాడ్‌కైతే జతగా మార్చు. లేకపోతే కొత్తది పాతదాన్ని ఈడ్చుకుంటూ పోతుంది.

8. స్టీరింగ్ తనంతట తానే వణికితే రేడియోను తిట్టేముందు మోటారు మీది కండెన్సర్ల టంకం చూడు. 0.1 మైక్రోఫారడ్ సిరామిక్‌వి మూడుండాలి: టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి డబ్బాకు ఒక్కోటి. డబ్బా మీద ఆ చోటు ఆకురాయితో గీరితే గానీ టంకం పట్టదు.