చేర్యాల పటాల దగ్గర నేర్చుకున్నవి

సికింద్రాబాద్ తిరుమలగిరిలో బొమ్మలు వేస్తూ, పిల్లలకు నేర్పుతూ ముసలివాణ్ణయ్యాను. భక్తి, ధిక్కారం, జనం జ్ఞాపకం బొమ్మలోకి ఎలా వస్తాయని అడిగినవాళ్లను చేర్యాల వెళ్లి నకాషీ చిత్రకారులు వేసే కథల పటాలు చూసి రమ్మంటాను. అవి నాకు నేర్పినవి చెబుతాను.

1. ముందు గుడ్డ సంగతి చూడండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంకనీళ్లు కలిపి పూతలు వేస్తారు. ఒకటి బాగా ఆరాకే ఇంకొకటి. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు పటాన్ని కథకులు ఊరూరా మోసుకెళ్లి, కథ చెబుతూ విప్పాలి, చుట్టాలి. పూత చెడితే కథ మధ్యలోనే రంగు రాలుతుంది.

2. ఎవరి కథో వాళ్లనడిగి వేయండి. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. ఒకప్పుడు పటం వేయించుకున్నది ఆ కథకులే. వాళ్లు చెప్పిన వరసే వరస.

3. పిడికిలి ఎత్తితేనే ధిక్కారం అనుకోకండి. మాదిగలకు డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం ఉంది. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే ఆది జాంబవుడు పుట్టాడంటుంది. ఊరి చివరికి నెట్టేసిన జనం, అందరికంటే పెద్ద మా తాతే అని పటం కట్టించి మరీ చెప్పించుకున్నారు! దేవుడి కథలోనే న్యాయం అడిగారు. ఎర్రటి రంగు మీద నిలిచిన ఆ జాంబవుణ్ణి చూశాక, నినాదం రాసిన బొమ్మల కంటే ఇదే గట్టిదని నాకు నమ్మకం కుదిరింది. ఇప్పటికీ అదే మాట.

4. పాతబడి చిరిగిన పటాన్ని శాస్త్రోక్తంగా ఏట్లో కలిపి, కొత్తది వేయించుకునేవారు. మీ బొమ్మ మీద మరీ మమకారం వద్దు.

5. మన దగ్గరి కథలూ వేయండి. తిరుమలగిరి అనగానే పాత మిలిటరీ జైలు చూపిస్తారు. అది తెల్లదొరలు కట్టుకున్నది. మన జనానివి లష్కర్ బోనాలు. 1813లో మహమ్మారి వచ్చినప్పుడు, పటాలంతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో చెక్క విగ్రహం నిలిపాడని చెప్పుకుంటారు. ఆయన డోలీ మోసే మనిషి. అమ్మవారితో పాటు ఆ డోలీనీ, దాని కింద ఒరిసిపోయిన భుజాన్నీ వేయండి. వేశాక గ్యాలరీకి పంపే ముందు, ఆషాఢంలో బోనమెత్తే మీ వాడకట్టు ఆడవాళ్లకు చూపించండి. ఎక్కడ తప్పిందో వాళ్లు చెబుతారు.