తప్పు జవాబును చదవడం: ఛాత్రోపాధ్యాయునికి ఒక లేఖ



బోధనా వృత్తిలోకి రాబోయే ఛాత్రోపాధ్యాయులు మూల్యాంకనం అనగానే పరీక్షలను, మార్కులను, ర్యాంకులను తలచుకోవడం సహజమే గాని, ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు ఉన్నాయని మైకేల్ స్క్రివెన్ 1967లో పాఠ్యప్రణాళికల విలువ కట్టే సందర్భంలో వివరించగా, బెంజమిన్ బ్లూమ్ ఆ భేదాన్ని విద్యార్థుల అభ్యసనానికి అన్వయించాడు. అభ్యసనం సాగుతూ ఉండగానే దాన్ని సరిదిద్దే ఉద్దేశంతో జరిపేది నిర్మాణాత్మక మూల్యాంకనం. యూనిటో సంవత్సరమో ముగిశాక ఎంత వచ్చిందో తేల్చేది సంగ్రహణాత్మక మూల్యాంకనం. తెలుగు రాష్ట్రాల బడుల్లో ఎఫ్ఏ, ఎస్ఏ అని పిలిచేవి ఇవే. కంప్యూటరు ఏ పనిని తేలిక చేసిందో, దేన్ని చిక్కుల్లో పడవేసిందో ఈ భేదాన్ని పట్టుకున్నవారికే తెలుస్తుంది.

తేల్చి చెప్పే పనిలో యంత్రం వేగానికి సాటి లేదు. ఇంజనీరింగు ప్రవేశాలకు జరిగే ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. విద్యార్థులు వేర్వేరు పూటల్లో వేర్వేరు ప్రశ్నపత్రాలు రాస్తారు కనుక, ఒక పత్రం కఠినంగాను మరొకటి తేలికగాను ఉన్నప్పుడు ఎవరికీ నష్టం కలగకుండా మార్కులను గణాంక పద్ధతిలో సర్దుబాటు చేస్తారు, దీన్నే నార్మలైజేషన్ అంటారు. అయితే తప్పు జవాబుకు మార్కుల కోత లేని ఈ పరీక్షలో, ప్రశ్న చదవకుండా గుడ్డిగా నొక్కుకుంటూ పోయినా నాలుగింట ఒకటి చొప్పున సగటున 40 మార్కులు వస్తాయి, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు తప్ప తక్కినవారికి నిర్ణయించిన కనీస అర్హత మార్కులు, అంటే 25 శాతం, కూడా సరిగ్గా అంతే కావడం విచిత్రం. లక్షలమందిని వరుసలో నిలబెట్టడానికి ఇటువంటి పరీక్ష చాలును గాని, వారిలో ఒక్కరికి రేపు ఏ పాఠం మళ్లీ చెప్పాలో అది చెప్పదు.

ఆ సంగతి తెలియాలంటే తప్పు జవాబులను చదవాలి. ఉదాహరణకు, రెండింట ఒకటి, మూడింట ఒకటి అనే భిన్నాలను కూడితే ఎంత అన్న బహుళైచ్ఛిక ప్రశ్నకు 5/6, 2/5, 1/5, 1/6 అనే నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చారనుకుంటే, 2/5ను ఎంచుకున్న పిల్లవాడు లవాలను లవాలతోను, హారాలను హారాలతోను కూడి ఉండవచ్చు. 1/5 గుర్తించినవాడు లవాన్ని కదపకుండా హారాలను మాత్రమే కూడి ఉండవచ్చు. 1/6 గుర్తించినవాడు కూడవలసిన చోట గుణించి ఉంటాడు. ముగ్గురికీ వచ్చేది సున్నాయే అయినా, ముగ్గురికీ కావలసిన పాఠం ఒకటి కాదు. తరగతిలో ఎందరు ఏ ఐచ్ఛికాన్ని ఎంచుకున్నారో ఫోనులో పెట్టిన క్విజ్ క్షణాల్లో పట్టికగా చూపుతుంది, పూర్వం దిద్దిన కాగితాల కట్ట నుంచి ఈ సమాచారం తీయడానికి ఒక సాయంత్రం పట్టేది. కాని తప్పుడు ఐచ్ఛికాలను ఏదో నింపాలి గనుక నింపిన ప్రశ్నపత్రం నుంచి ఆ పట్టిక ఏమీ రాబట్టలేదు. ఒక్క ప్రశ్నను ఊహించి కూడా కొట్టవచ్చు కనుక, అదే తప్పు బయటపడే రెండో ప్రశ్నను, 1/4, 1/3 కూడమన్నటువంటిదాన్ని, కొంత దూరంలో ఉంచడం అవసరం. అక్కడ 2/7 వస్తే అనుమానం చాలావరకు తీరుతుంది.

విద్యార్థి జవాబులను బట్టి తరువాతి ప్రశ్నల కాఠిన్యాన్ని మార్చే అనుకూలన పరీక్షలూ ఉన్నాయి. అమెరికా కళాశాలల ప్రవేశానికి రాసే డిజిటల్ శాట్‌లో మొదటి భాగం ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండో భాగం ఎదురవుతుంది. వాటికి ముందే పరీక్షించి కాఠిన్యం లెక్కకట్టిన ప్రశ్నల నిధి కావాలి, ఒక బడి ఒంటరిగా కూర్చగలిగినది కాదది.

పరికరాల సంగతి కూడా మరువరానిది. కోవిడ్ వల్ల బడులు మూసి ఉండగా 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానెళ్ల ద్వారా పాఠాలు మొదలైనప్పుడు, టీవీ ఉన్న ఇంటికి పాఠం చేరగలిగింది గాని, పిల్లవాడి జవాబు ఉపాధ్యాయునికి తిరిగి చేరడానికి ఫోను, డేటా, సిగ్నలు కావలసివచ్చాయి. అటువంటి చోట జవాబు రాలేదంటే పాఠం రాలేదని రాసుకోవడం అన్యాయం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ఇంటిపనికి మార్కులు వేయడం అర్థంలేనిదైపోయిందని వాపోయేవారున్నారు. నిజానికి నెట్ సెంటర్లో ప్రింటు తీయించి అట్ట వేసిన ప్రాజెక్టుకు నిండు మార్కులు వేసినప్పుడే ఆ అర్థం పలచబడింది. కొత్త యంత్రం ఆ పనిని ఉచితం చేసింది, అంతే. యంత్రరచనను పసిగడతామనే సాఫ్ట్‌వేర్లు సొంతంగా రాసినవారినీ అనుమానించగలవు గనుక, వాటి మాటపై పిల్లవాణ్ణి దొంగగా నిలబెట్టడం తగదు. అంతకంటే మొదటి చిత్తుప్రతిని, దిద్దిన ప్రతిని కూడా అడిగి తీసుకోవడం, ఆపైన రాసినదాని మీద రెండు ప్రశ్నలు వేయడం మేలు. నలభైమంది ఉన్న తరగతిలో ఇది సాధ్యమా అన్న సందేహం న్యాయమైనదే అయినా, రోజుకు ఐదుగురి చొప్పున పిలిస్తే ఎనిమిది పనిదినాల్లో అందరి వంతూ వస్తుంది. ప్రశ్నలు పెద్దవి కానక్కరలేదు: ఈ వాక్యం ఎందుకు రాశావు, ఈ లెక్కలో అంకె మారిస్తే ఏమవుతుంది అన్నవి చాలు. చెప్పలేకపోయిన చోట సున్నా వేయకుండా, ఏది అడిగితే ఆగిపోయాడో ఆ పిల్లవాడి పేరు పక్కన రాసుకుంటే, మరుసటి వారం పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాగితమే చూపుతుంది.